ధర కాస్తా దర అయింది: సైట్‌లో అక్షరం సైజు తేల్చుకోవడానికి నాకు పట్టిన వారం

ఎనుమాముల మార్కెట్‌లో పత్తి, మిర్చి ధరలు రోజూ ఒకే పేజీలో కనిపించేలా మా ఊరి రైతుల కోసం చిన్న సైట్ చేద్దామని కూర్చున్నాను. హన్మకొండ రూమ్‌లో, ల్యాప్‌టాప్ మీద అక్షరం సైజు 14 పిక్సెల్స్ (స్క్రీన్ మీద కొలిచే చుక్కలు) పెడితే అంతా ఒక్క స్క్రీన్‌లో సరిపోయింది, ఇంగ్లిష్ సైట్లు చూసీ చూసీ నా కంటికి అదే అలవాటు. ఆదివారం ఊరికి పోయి బాపుకు ఫోన్‌లో చూపించాను. చేయి చాచినంత దూరం పెట్టి చూశాడు, మళ్లీ దగ్గరికి తెచ్చుకున్నాడు. "గిది ధరనా, దరనా? వత్తులన్నీ అలుక్కపోయినయి బిడ్డా" అన్నాడు.

నిజమే. ద కింద చిన్న గీత ఉంటేనే అది ధ, 14లో ఆ గీత ఉండీ లేనట్టుంది. "క్వింటాల్"లో క కింది వత్తు నల్లటి చుక్కయిపోయింది. ఇంగ్లిష్ అక్షరాలు ఒక వరసలో నిలబడతాయి గానీ మనవాటికి పైన గుడి, కింద వత్తు, "రాష్ట్రం" లాంటి మాటలోనైతే రెండు వత్తులు, అన్నీ ఆ కాస్త ఎత్తులోనే ఇమడాలి.

బ్రౌజర్లు మామూలుగా ఇచ్చే సైజు 16. అది పెడితే ధ తేలింది, వత్తులు ఇంకా ఇరుకే. 18కి వచ్చాక బాపు ఆగకుండా చదివాడు. సైజు ఒక్కటే చూస్తే చాలదని కూడా అప్పుడే తెలిసింది, ఎందుకంటే అదే 18లో నోటో సాన్స్ తెలుగు పక్కన ఎన్టీఆర్ ఫాంట్ పెడితే ఎన్టీఆర్ చిన్నగా కనిపించింది, అందుకని ముందు ఫాంట్ ఖాయం చేసుకుని ఆ తర్వాతే అంకె చూడాలి. నేను నోటో ఉంచేశాను. లైన్ హైట్ (ఒక్కో లైనుకు ఇచ్చే ఎత్తు, అక్షరం సైజుకు ఇన్ని రెట్లు అని) 1.4 ఉన్నప్పుడు పై లైను వత్తులు కింది లైను గుడులను తాకుతున్నాయి, 1.7 చేశాక పేజీకి ఊపిరాడింది.

ఇక అయిపోయిందనుకుంటే నర్సంపేటలో ఎరువుల షాపు నడిపే బావ ఫోన్ చేశాడు. తన కంప్యూటర్‌లో క్రోమ్ ఫాంట్ సైజు "లార్జ్" మీద ఉందట, మిగతా సైట్లలో అక్షరాలు పెద్దగా వస్తుంటే నాది మాత్రం కదలట్లేదట. తప్పు నాదే, సైజును పిక్సెల్స్‌లో బిగించేశాను. క్రోమ్‌లో మీడియం అంటే 16, లార్జ్ అంటే 20, పిక్సెల్స్‌లో రాస్తే ఆ సెట్టింగ్‌ను పట్టించుకోదు. చదివేవాళ్లు తమ కళ్లకు తగ్గట్టు పెట్టుకున్నదాన్ని మనం కొట్టేయడం నాకు చాలా తప్పుగా అనిపించింది. అందుకే పేజీ మూల సైజును (హెచ్‌టీఎంఎల్) 100 శాతం, అంటే బ్రౌజర్‌లో ఉన్నంతే వదిలేసి, లోపలి రాతకు (బాడీ) 1.125 రెమ్, అంటే ఆ మూల సైజుకు 1.125 రెట్లు ఇచ్చాను, మామూలుగా 18, బావ దగ్గర 22.5.

ఊరి పేరు టైప్ చేసే డబ్బా ఒకటి మిగిలింది, దాన్ని 14లోనే మర్చిపోయాను. ఒక ఫ్రెండ్ ఐఫోన్‌లో దాన్ని ముట్టుకోగానే పేజీ మొత్తం జూమ్ అయి పక్కకు జరిగిపోయింది. 16 కంటే తక్కువుంటే ఐఫోన్ బ్రౌజర్ సఫారీ అలా చేస్తుంది, అదీ మార్చాను.

పెద్ద అక్షరాలకు ధరల పట్టిక ఫోన్‌లో పట్టక ఒక కాలమ్ తీసేయాల్సి వచ్చింది, కనిష్ఠం, గరిష్ఠం ఉంచి సగటు తీసేశాను. బావ స్క్రీన్ మీద పై మెనూ రెండు లైన్లకు దిగింది, దిగనీ అని వదిలేశాను.