లాబ్‌స్టర్ తోకలు, నాలుగో విడత: ఇడ్లీ పాత్రలో ఆవిరి

లాబ్‌స్టర్ తోకలు వండి చూడటం ఇది నాలుగోసారి. ఈసారి సరుకు నాలుగు తోకలు. ఐసు కరిగి, గుడ్డతో తుడిచాక ఒక్కోటి 150 నుంచి 170 గ్రాములు తూగింది. ఐసు పొరతో కలిపి తూచి టైము లెక్కేస్తే ముక్క మితిమీరి ఉడుకుతుంది. మొదటి విడత పోయింది అందుకే.

మన నెల్లూరు, ప్రకాశం తీరంలో పడేవి ముళ్ల లాబ్‌స్టర్లు. వీటికి పెద్ద కొండీలు ఉండవు, తినే కండంతా తోకలోనే. వేట నిషేధం (ఏప్రిల్ 15 - జూన్ 14) రోజుల్లో ఎక్కువగా ఫ్రీజర్ సరుకే దిక్కు. కొనేటప్పుడు వాసన ఒక్కటే చూస్తే చాలదు. చచ్చాక తల తీయకుండా ఉంచేసినదైతే తలలోని జీర్ణరసాలు తోకలోకి దిగి కండను మెత్తబరుస్తాయి. దాన్ని ఎంత జాగ్రత్తగా వండినా నోట్లో పిండిలాగే ఉంటుంది.

ఐసు కరగడానికి రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో పెట్టాలి. తొందరైతే కవరు గట్టిగా కట్టి చన్నీళ్లలో ముప్పావుగంట, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చాలి. వేడినీళ్లు వద్దు, పైన ఉడికి లోపల గడ్డ అలాగే ఉంటుంది.

కత్తెరతో వీపు పెంకును ముందు నుంచి తోకరెక్క మొదలు దాకా కోసి, రెండు బొటనవేళ్లతో విప్పితే టప్‌మంటుంది. కండ కింద వేలు పోనిచ్చి పెంకు నుంచి విడదీయాలి, రెక్క దగ్గర మాత్రం అతికే ఉండనివ్వాలి. నల్ల నరం పుల్లతో లాగేయాలి. మూడో విడతలో చువ్వ గుచ్చలేదు. తోక ముడుచుకుని సన్నటి కొస రబ్బరైంది, మందపు వైపు పచ్చిగా మిగిలింది. ఈసారి నిలువునా స్టీలు చువ్వ గుచ్చితే తిన్నగా నిలిచింది.

ఇడ్లీ పాత్రలో రెండు గ్లాసుల నీళ్లు పోసి, చిల్లుల ప్లేటు పెట్టి, ఆవిరి జోరుగా వచ్చాకే తోకలు పెట్టాలి. మూతకు గుడ్డ చుట్టకపోతే నీటి చుక్కలు పడి పైభాగం చప్పబడుతుంది. మూడు నిమిషాలకే పెంకు ఎర్రబడింది. ఆ ఎరుపును నమ్మితే మోసపోతాం, లోపల ఇంకా గాజులా ఉంటుంది. ఆరో నిమిషంలో థర్మామీటర్ మందపు చోట 52 డిగ్రీలు, ఎనిమిదో నిమిషంలో 61. అప్పుడు దించి రెండు నిమిషాలు మూత పెట్టి ఉంచితే 63 దాటింది. థర్మామీటర్ లేకపోతే మందపు చోట చిన్న గాటు పెట్టి చూడాలి: నడిమధ్య దాకా తెల్లగా ఉండాలి, గాజు మెరుపు కనిపించకూడదు.

పైన వేసేది మూడు చెంచాల నెయ్యి, సన్నగా తరిగిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు, అర చెంచా మిరియాల పొడి. సన్నసెగ మీద వెల్లుల్లి లేత బంగారు రంగు తిరగగానే దించేయాలి. రెండో విడతలో ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) 230 డిగ్రీల పైసెగ కింద వెన్న పెడితే అందులోని పాలపదార్థం మాడి చేదెక్కింది. నెయ్యితో ఆ గొడవ లేదు. ఎండుమిర్చి కారం కూడా వేస్తే పావు చెంచా దాటకూడదు, దాటితే కండలో తీపి పోతుంది (మన చేతికి అది తక్కువనిపిస్తుంది, అయినా ఆగాలి). ఉప్పు రుచి చూశాకే, నిమ్మరసం పళ్లెంలోనే.

పెంకులు పారేయలేదు. చెంచా నూనెలో ఐదు నిమిషాలు వేయించి, లీటరు నీళ్లలో 25 నిమిషాలు మరిగించి వడకట్టాం. మర్నాడు మామిడికాయ వేసిన చేపల పులుసులో నీళ్లకు బదులు అదే పోశాం. మామిడికాయ పులుపు ఉంది కాబట్టి చింతపండు సగానికి తగ్గించాం.

వచ్చే విడతకు 300 గ్రాముల తోక. అంత మందానికి నిలువునా రెండు బద్దలు చేసి, ఆరో నిమిషం నుంచి చూడాలి.