ఎండకు నిలిచిన మొక్కలు
మూడు వేసవులు వరుసగా గులాబీలు పెంచి పోగొట్టుకున్నాను. అనంతపురంలో మే నెలంటే 40 డిగ్రీల పైమాటే, పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి కనిపించవు. ఎండిన కొమ్మలు పీకేటప్పుడు నిజంగా ఏడుపొచ్చేది.

పోయిన ఏడాది తొలి వానలకు కాగితం పూలు, బిళ్ళగన్నేరు, దేవగన్నేరు నాటాను. వేర్లు పట్టేదాకా నీళ్లు తప్పవు. మొదళ్ల చుట్టూ చెనక్కాయ పొట్టు మందంగా పరిస్తే తేమ నిలిచింది. కాగితం పూల సంగతి మాత్రం భలే ఆశ్చర్యం: రోజూ నీళ్లు పోస్తే ఒట్టి ఆకులే, తగ్గించాక కొమ్మ నిండా పూలు! ఎర్ర గన్నేరు కూడా ఎండకు గట్టిదే, కానీ ఆకు నుంచి పాల దాకా అంతా విషం. చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దంటాను.

ఈ వేసవిలో ఒక్క మొక్కా పోలేదు. ఈరోజు అమ్మ పూజకు మా పెరట్లో బిళ్ళగన్నేరు పూలే కోసింది.