కెమెరా బిగిస్తేనే సిగ్నల్‌కు తెలివి రాదు

సాయంత్రం కర్నూలు రాజ్‌విహార్ సెంటర్ దాటి వస్తూ మళ్లీ అదే ఆలోచన. ఖాళీ రోడ్డుకు పచ్చలైటు వెలుగుతూ, పక్కన వందమంది ఎర్రలైటు కింద ఆగడం ఏ ఊరికీ న్యాయం కాదు.

స్మార్ట్ సిగ్నల్ చేసే పని చిన్నదే. కనీస సమయం దాటాక సుమారు 3 సెకన్లు బండి రాకపోతే పచ్చ ఆపేసి వంతు పక్క రోడ్డుకిస్తుంది. వస్తూ ఉంటే గరిష్ఠ పరిమితి దాకా పొడిగిస్తుంది. ఆ కనీసం మాత్రం తగ్గించకూడదు: 15 మీటర్ల రోడ్డు దాటడానికి, సెకనుకు 1.2 మీటర్లు నడిచే మనిషికి పన్నెండున్నర సెకన్లు కావాలి. ముసలివాళ్లకు ఇంకా ఎక్కువ.

అసలు చిక్కు వేరే ఉంది. బండి వచ్చిందని సిగ్నల్‌కు చెప్పడానికి రోడ్డు కింద పాతే తీగచుట్టలు కార్లను పట్టినంత బాగా బైకులను పట్టవు. మన దగ్గర సగం బైకులే, వరస పాటించేది తక్కువ. అందుకే కెమెరా మేలు. దానికీ దుమ్ము, రాత్రి హెడ్‌లైట్ల వెలుగు శత్రువులే; అద్దం తుడవకపోతే లెక్క తప్పుతుంది.

టైము పెంచితే రద్దీ తగ్గుతుందనుకోవడం పొరపాటు. సిగ్నల్ టైము లెక్కకు 1958లో బ్రిటిష్ ట్రాఫిక్ పరిశోధకుడు వెబ్‌స్టర్ ఇచ్చిన సూత్రంతో చూస్తే, నాలుగు వంతులు మారడంలో 16 సెకన్లు వృథా అయ్యే కూడలిలో రద్దీ నిష్పత్తి (పచ్చలో రోడ్డు పంపగలిగే గరిష్ఠంలో వచ్చే బండ్ల వాటా, నాలుగు వంతులవీ కలిపి) 0.7 ఉంటే అన్ని వంతులూ ఒకసారి పూర్తయ్యే చుట్టు 97 సెకన్లు. 0.85కి చేరితే 193! అక్కడ సాఫ్ట్‌వేర్ చేయగలిగేది కొంచెమే. ముందు స్టాప్‌లైన్ దగ్గర ఆగే షేర్ ఆటోలను యాభై మీటర్లు అవతలికి జరపాలి.