కందుకూరు తొక్కిసలాట, రోడ్డు మీద సభ పెట్టుకునే హక్కు

2022 డిసెంబరు 28న, ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి మారి ఏడాదైనా కాని కందుకూరులో, నాటి ప్రతిపక్ష నేత చంద్రబాబు నాయుడు రోడ్‌షోలో తొక్కిసలాట జరిగి ఎనిమిది మంది చనిపోయారు. రోడ్డు ఇరుకు, పక్కనే మురుగుకాలువ. తోపులాటలో జనం అందులో పడ్డారు. కొత్త ఏడాది మొదటి రోజే గుంటూరులో ఇంకో తొక్కిసలాటలో మరో ముగ్గురు పోయారు. మర్నాడు, అంటే 2023 జనవరి 2న, ప్రభుత్వం జీవో నంబరు 1 తెచ్చింది. రహదారులపై సభలకు అరుదైన సందర్భాల్లోనే అనుమతి ఇవ్వాలనీ, రోడ్లకు దూరంగా సభాస్థలాలు గుర్తించాలనీ దాని సారాంశం.

ప్రాణాలు పోయినప్పుడు ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోవాలని ఎవరూ అనరు. అయితే ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కును రాజ్యాంగం 19(1)(బి) అధికరణంలో ఇచ్చి, దాన్ని పరిమితం చేయడానికి 19(3)లో రెండే కారణాలు చెప్పింది: దేశ సార్వభౌమత్వం, సమగ్రత ఒకటి, శాంతిభద్రతలు రెండోది. రాకపోకలకు ఇబ్బంది అనే మాట అక్కడ లేదు. అలాగని దారిన పోయేవాడి హక్కు చిన్నదేమీ కాదు, అందుకే వీధుల్లో సభలను పోలీసులు క్రమబద్ధం చేయవచ్చని, ఇష్టానుసారం నిరాకరించే అధికారం మాత్రం చెల్లదని సుప్రీంకోర్టు అహ్మదాబాదుకు చెందిన హిమ్మత్‌లాల్ షా కేసులో 1972లోనే తేల్చింది. అంతకు ఇరవై ఏళ్ల ముందే, వి.జి.రో కేసులో, ఆంక్ష సహేతుకమా కాదా అన్నది చూడాలంటే నివారించదలచిన కీడు ఎంత, దానికి విధించిన ఆంక్ష ఎంత అని బేరీజు వేయాలని చెప్పింది. కందుకూరులో కీడు ఇరుకు రోడ్డులో పట్టనంత జనం చేరడం; ఆంక్ష మాత్రం రాష్ట్రంలోని రహదారులన్నింటికీ. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే.

ఊరి బయట మైదానంలో పెట్టుకోవచ్చు కదా అనేవాళ్లు నాకు చాలామంది తగిలారు. పెద్ద పార్టీలకు అదేం కష్టం కాదు, బస్సులు పెట్టి, బిర్యానీ పొట్లాలిచ్చి జనాన్ని ఎక్కడికైనా తరలిస్తాయి. జీతాల కోసం ఒంగోలు కలెక్టరేట్ ముందు షామియానా వేసుకుని కూర్చునే అంగన్‌వాడీ కార్యకర్తలను ఊరవతలి మైదానానికి పంపితే, వాళ్ల నినాదం కలెక్టరు చెవిన ఎలా పడుతుంది?

ఆ జీవోను హైకోర్టు 2023 మే 12న కొట్టేసింది. దానితో పోలీసుల చేతులేమీ కట్టివేయలేదు. 1861 నాటి పోలీసు చట్టం 30వ సెక్షను అలాగే ఉంది. ఈ సందు వద్దు, ఆ పెద్ద వీధిలో పెట్టుకోండి, కాలువ వెంట బారికేడ్లు కట్టండి, అంబులెన్సుకు దారి వదలండి అని డీఎస్పీ షరతులు పెట్టవచ్చు. అనుమతి పత్రంలో షరతులకేం, బోలెడుంటాయి. సభ మొదలయ్యేలోగా ఒక అధికారి ఆ వీధికి వెళ్లి కాలువ గట్టు మీద నిలబడి చూశాడా అన్నది అడగవలసిన ప్రశ్న.