ఫెల్టా, రబ్బరా, మేకులా: తుంగభద్రలో దిగే ముందు

నంద్యాల నుంచి ఒక కుర్రవాడు ఫోను చేశాడు. ఫ్లై ఫిషింగ్, అంటే ఉత్తుత్తి పురుగును ఎరగా విసిరి చేపలు పట్టడం, కొత్తగా మొదలుపెట్టాడట. రాడ్డు కొన్నాడు, రీలు కొన్నాడు, ఈకలతో, దారంతో ఆ పురుగులు కట్టడం కూడా నేర్చుకుంటున్నాడు. "వేడింగ్ బూట్లకు ఏ సోలు తీసుకోమంటారు సార్?" అని అడిగాడు. నదిలో దిగి నడవడానికి తొడిగే బూట్లవి. "ముందు ఏ ఊరి దగ్గర దిగుతావో చెప్పు నాయనా" అన్నాను. అతనికి అది వింతగా తోచినట్టుంది. బూట్లు అమ్మేవాళ్ళు ఎవరూ అలా అడగరు మరి. వాళ్ళ పేజీలో ధర ఉంటుంది, రంగులుంటాయి, కొన్నవాళ్ళు ఇచ్చిన నక్షత్రాలుంటాయి. నది అడుగున ఏ రాయి ఉందో మాత్రం ఉండదు.

నాకు ఆ సంగతి ఉద్యోగం నేర్పింది. నీటిపారుదల పనిలో ఉన్న రోజుల్లో, ఎండాకాలం తుంగభద్ర పాయలుగా చీలిపోయాక, పాయకు అడ్డంగా తాడు కట్టి, నీటి వేగం కొలిచే కరెంటు మీటరు పట్టుకుని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నడుస్తూ ప్రవాహం కొలిచేవాళ్ళం. లోతు తక్కువ ఉన్నచోట మీటరును నీటిమట్టం నుంచి లోతులో పదింట ఆరు వంతుల దగ్గర నిలపాలి. అది తిరుగుతున్నంతసేపూ మనిషి కదలకూడదు. నాచు పట్టిన బండ మీద టైరు చెప్పులతో అలా నిలబడి చూడండి, సోలు అనేది ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది.

అప్పటి లెక్క ఒకటి ఇప్పటికీ వాడుతున్నాను. అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళు నదుల్లో నడిచి కొలిచే సిబ్బందికి చెప్పే మోటు సూత్రం ఇది: లోతు అడుగుల్లో, వేగం సెకనుకు అడుగుల్లో తీసుకుని రెండూ గుణించాలి. పది దాటితే దిగకూడదు. మూడడుగుల లోతు, సెకనుకు మూడడుగుల వేగం అంటే తొమ్మిది, అంచు మీద ఉన్నట్టే. నా వయసు వాళ్ళు ఆరు దగ్గరే ఆగిపోవడం మంచిది. వేగం తెలియడానికి మీటరు అక్కర్లేదు, ఎండుటాకు ఒకటి వేసి గడియారం చూస్తే చాలు. ఈ లెక్క తప్పినచోట ఏ సోలూ కాపాడదు.

ఇక సోళ్ళ సంగతి. ఫెల్ట్ అంటే నేసిన బట్ట కాదు. ఉన్నినో కృత్రిమ నారనో వత్తి, అదిమి చేసిన మందపాటి దళసరి అట్ట. పాకుడు రాయి మీద రబ్బరు ఎందుకు జారుతుందంటే, అది ఆ జిగురు పొర మీదే కూర్చుంటుంది, రాయిని తాకదు. ఫెల్ట్ నారలు ఆ పొరలోంచి దూరి రాతి గరుకును పట్టుకుంటాయి, నడుమ చిక్కిన నీరు నారల్లోకే పోతుంది. అందుకే పాత తరం వాళ్ళు ఫెల్ట్ తప్ప మరొకటి ముట్టరు. నేను నదిలో తొడిగిన వాటిలో, శుభ్రమైన నీరు, గుండ్రటి రాయి, పైన పాకుడు, ఈ మూడూ ఉన్నచోట ఫెల్ట్‌ను మించినది లేదు.

మా అల్లుడు అమెరికాలో మోంటానా రాష్ట్రంలో ఉంటాడు. ఒకసారి వెళ్ళినప్పుడు మాడిసన్ నదికి తీసుకెళ్ళాడు. ఎల్లోస్టోన్ పార్కు లోపల ఫైర్‌హోల్, గిబ్బన్ నదులు కలిసిన చోట మాడిసన్ పుడుతుంది. ఆ రాళ్ళు నూనె పూసినట్టుంటాయి. విచిత్రం ఏమిటంటే, పార్కు గేటు బయట మోంటానాలో ఫెల్ట్ వేసుకోవచ్చు, లోపల 2018 నుంచి నిషేధం. నది ఒకటే, చట్టాలు రెండు. అల్లుడి దగ్గర సోలు మార్చుకునే కోర్కర్స్ బూట్లు ఉన్నాయి. గేటు దగ్గర బండి దిగి ఫెల్ట్ ఊడదీసి రబ్బరు తగిలించాడు. ఇంతకీ పార్కు వాళ్ళ భయం దేనికంటే, ఫెల్ట్ త్వరగా ఆరదు, దాని నారల్లో ఒక నదిలోని జీవులు ఇంకో నదికి ప్రయాణం చేస్తాయి. ఆ మాడిసన్‌లోనే న్యూజీలాండ్ మడ్‌స్నెయిల్ అనే నత్త 1994లో కనిపించింది. అయిదారు మిల్లీమీటర్లకు మించదు. అంత చిన్న ప్రాణి ఫెల్ట్‌లో దాక్కుంటే ఎవరికి కనిపిస్తుంది?

అదే న్యూజీలాండ్ తన నదుల్లోకి వచ్చిన డిడిమో అనే నాచుకు బెదిరి 2008లో ఫెల్ట్ నిషేధించింది. అలాస్కా 2012లో నిషేధించింది. సిమ్స్ అనే బూట్ల కంపెనీ అంతకుముందే, 2010లో, ఫెల్ట్ చేయడం మానేసి, గిరాకీకి తట్టుకోలేక కొద్దికాలానికే మళ్ళీ తెచ్చింది. వెర్మాంట్ రాష్ట్రం 2011లో నిషేధం పెట్టి 2016లో ఎత్తేసింది. నీటిలో భాస్వరం మరీ తక్కువైనచోట డిడిమో అలా దుప్పటిలా పేరుకుంటుందని ఈలోగా పరిశోధనల్లో తేలడం మూలాన, బూట్ల మీద మోపిన నేరం కొంత తేలికైంది. మన తుంగభద్రకు ఆ బెడద రాదు, పొలాల ఎరువంతా కలిసే నీటికి భాస్వరం కరువా? అంతమాత్రాన బూటు కడగకుండా నది మార్చమని కాదు. గుర్రపుడెక్క ముక్కలూ, నత్తగుడ్లూ బూటుతో ప్రయాణం చేయగలవు. చెరువులో తిరిగిన బూటుతో నేరుగా నదిలో దిగడం నాకు ఇష్టం ఉండదు.

శుభ్రం చేయడానికి న్యూజీలాండ్ వాళ్ళు డిడిమో కోసమని చెప్పిన పద్ధతే నేనూ పాటిస్తాను: గిన్నెలు తోమే ద్రవం అయిదు శాతం కలిపిన నీళ్ళు, బ్రష్షు, ఆపైన పూర్తిగా ఆరాక మరో 48 గంటలు వదిలేయడం. ఆరడానికి మనకు కష్టమేమీ లేదు, కర్నూలు మే నెల ఎండ చాలు. కానీ ఆ ఎండే ఇంకో పని చేస్తుంది. తలుపులు మూసిన కారు డిక్కీలో బూట్లు పడేస్తే సోలు అంటించిన జిగురు మెత్తబడి అంచులు లేస్తాయి. అందుకని నీడలో, గాలి తగిలేచోట. లేచిన సోలును మా వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన జిగురు పెట్టి, పక్కన కుట్టు కూడా వేసి ఇస్తాడు. "ఇదేమి చెప్పయ్యా, కంబళి ముక్క అతికించారు" అని నవ్వుతూనే వేసిన ఆ కుట్టు కంపెనీ జిగురుకన్నా ఎక్కువ కాలం ఆగింది.

ఇప్పుడు మన రాళ్ళ దగ్గరికి వద్దాం. కర్నూలు చుట్టుపక్కల ఒక్క రకం నేల కాదు. పడమరగా మంత్రాలయం వైపు గ్రానైటు బండలు, ఇటు బేతంచెర్ల, బనగానపల్లె వైపు సున్నపురాయి, నంద్యాల లోయలో నల్లరేగడి. మేకుల సోలు, అంటే పొట్టి లోహపు మేకులు బిగించిన రబ్బరు సోలు, ఎక్కడ పట్టుతుందో, ఎక్కడ జారుతుందో తేల్చేది ఇదే. ఆ మేకుల మొన టంగ్‌స్టన్ కార్బైడ్ అనే పదార్థం, మహా గట్టిది. సున్నపురాయి కాఠిన్యం, పదిదాకా ఉండే మోహ్స్ కొలతలో, మూడు. కాబట్టి మేకు దిగబడి నిలుస్తుంది. దీనికి రుజువు మా పెరట్లోనే ఉంది. నీళ్ళ తొట్టి దగ్గర పరిచినవి బేతంచెర్ల నాపరాళ్ళు, వానలకు పాకుడు పడతాయి. ఉత్త రబ్బరు సోలుతో అక్కడ నిలబడలేకపోయాను, మేకులతో భేషుగ్గా నిలబడ్డాను. తెల్లటి గీతలు చూసి మా ఆవిడ ఆ ప్రయోగాలన్నీ నదిలోనే చేసుకోమంది.

గ్రానైటు సంగతి వేరు. అందులోని క్వార్ట్‌జ్ అనే ఖనిజం కాఠిన్యం అదే కొలతలో ఏడు. నీరు నున్నగా అరగదీసిన బండ మీద మేకు దిగదు, గీరుకుంటూ జారుతుంది. కీచుమని మోత కూడా, మీ కన్నా ముందు చేపలకు వినబడుతుంది. అలాంటి బండల మీద అల్యూమినియం పట్టీలు బిగించిన సోలు నయం. ఇక్కడ లోహమే మెత్తన, రాతి గరుకే దాన్ని కొరుకుతుంది. తొందరగా అరిగిపోతాయి, మార్చుకోవాలి. మంత్రాలయం దగ్గర, స్నానఘట్టాలకు బాగా దూరంగా, నేను తొడిగేది మాత్రం ఫెల్టే.

రేగడి ఒడ్డున ఫెల్ట్ అంత చెత్త వస్తువు ఇంకోటి లేదు. నంద్యాల వైపు కుందూ నది ఒడ్డున వాన వెలిసిన తరువాత నాలుగడుగులు వేస్తే కాలికి రోలు కట్టినట్టవుతుంది. తడి గడ్డి గట్టు ఎక్కేటప్పుడు వెనక్కి జారుస్తుంది. అక్కడ లోతైన గాడులున్న రబ్బరు సోలే, అదీ మెత్తని రబ్బరు. వైబ్రమ్ అనే సోళ్ళ కంపెనీ వాళ్ళు నీటి బూట్ల కోసమే చేసిన ఇడ్రోగ్రిప్ లాంటిది. మడమ దగ్గర, బొటనవేలి కింద కొన్ని మేకులు బిగించుకుంటే చాలు, సోలు నిండా అక్కర్లేదు. నంద్యాల అబ్బాయికి ఇదే చెప్పాను. కొర్రమీను కోసం రెల్లు అంచుల్లో తిరిగేవాడికి పాకుడు బండతో పనే పడదు.

పుట్టి ఎక్కే ఆలోచన ఉంటే మేకుల విషయం మరోసారి ఆలోచించుకోండి. వెదురు అల్లిక, దానికింద పట్టా, ఆ పట్టాకు పూసిన తారు, పుట్టి అంటే అంతే కదా. తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ ఎగువన ఒక పుట్టి నడిపే అన్న నా బూట్లు చూసి, "అవి విప్పి చేత్తో పట్టుకోండి సార్. దీని అడుగున ఉన్నది పట్టా, రాయి కాదు" అన్నాడు. అప్పటినుంచి పుట్టి ఎక్కే రోజు మేకులు లేని జతే తీసుకెళ్తున్నాను. మొసళ్ళు ఎక్కడ పొర్లుతున్నాయో, ఏ మడుగులో దిగకూడదో చెప్పేది కూడా ఈ పుట్టి వాళ్ళే. తుంగభద్రలో మొసళ్ళున్నాయి, మరిచిపోకండి. వాళ్ళు వద్దన్న చోట నేను గట్టు మీదనుంచే దారం విసురుతాను.

కొలత గురించి ఒక మాట. ఈ బూట్లు చలిదేశాల వాళ్ళకోసం, లోపల వేడర్లకు, అంటే నీరు చొరని పొడవాటి ప్యాంటుకు, ఉండే మందపాటి నియోప్రీన్ (స్పాంజిలాంటి రబ్బరు) మేజోడు పడుతుందనే లెక్కతో కుట్టినవి. మన ఎండల్లో వేడర్లు ఎవరు తొడుగుతారు, లుంగీ మడిచో, నిక్కరుతోనో నేరుగా దిగుతాం. అప్పుడు అదే సైజు బూటు లోపల పాదం ఈదుతుంది, సోలు ఎంత గట్టిగా పట్టినా పాదం లోపలే జారుతుంది. నియోప్రీన్ మేజోళ్ళు విడిగా దొరుకుతాయి, అవి తొడుక్కుని బూటు సరిచూసుకోండి. అవి లేకపోతే ఒక సైజు తగ్గించి చూడండి. సాయంత్రం పూట సరిచూసుకుంటే ఇంకా మంచిది, పగలంతా తిరిగిన పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది.