సియాటిల్ ఓర్కాస్ అంటే ఎందుకంత ఇష్టమంటే

2023లో అమెరికాలో మేజర్ లీగ్ క్రికెట్ మొదలైనప్పుడు వచ్చిన ఆరు జట్లలో నా మనసు సియాటిల్ ఓర్కాస్ మీదకే పోయింది, ఎందుకంటే దాంట్లో డబ్బు పెట్టినవాళ్లలో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో క్రికెట్ ఆడుతూ పెరిగిన సత్య నాదెళ్ల ఉన్నారు, మన జీఎంఆర్ గ్రూపూ ఉంది. కొత్త జట్టు, అయినా లీగ్ దశలో ఐదింట్లో నాలుగు గెలిచేసింది! ఫైనల్ టెక్సస్‌లో, బేస్‌బాల్ మైదానాన్ని మార్చి కట్టిన గ్రాండ్ ప్రైరీ స్టేడియంలో. మన ఓర్కాస్ బ్యాటర్ డి కాక్ 87 కొట్టాడు, స్కోరు 183, ఇక కప్పు మనదే అనుకున్నాను. అప్పుడొచ్చాడు ప్రత్యర్థి ఎంఐ న్యూయార్క్ బ్యాటర్ పూరన్. 55 బంతుల్లో 137 నాటౌట్, కప్పు వాళ్లకే పోయింది. చేతిలో కాఫీ చల్లారిపోయింది, తాగాలనిపించలేదు. ఆ సీజన్‌లో సియాటిల్‌లో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు, అదే ఎక్కువ బాధ. సొంత ఊరి జనం ముందు వాళ్లు కప్పు ఎత్తితే చూడాలి.