బాబాయి పాంప్లెట్‌లో నాలుగు లైన్లు

ఆదివారం. ఈరోజు బట్టలుతుక్కుని పడుకుందాం అనుకున్నాను గానీ పొద్దున్నే పలాస నుంచి బాబాయి ఫోను, వైజాగ్ ఎగ్జిబిషన్లో జీడిపప్పు స్టాలు పెడతన్నాడంట, అక్కడ పంచడానికి ఇంగ్లీషులో పాంప్లెట్ రాసుకున్నాడు, "ఓపాలి సూడమ్మా, రేపు ప్రెస్సుకిచ్చీయాల" అన్నాడు.

మొదటి లైన్లోనే పలాస జీడిపప్పు 'లార్జ్‌లీ' ఫేమస్ అని ఉంది. రెండో లైన్లో ఉద్దానం జనం కొబ్బరి, జీడి మీద 'వైడ్లీ' ఆధారపడ్డారని. రెండూ చెవికి తప్పుగా తగుల్తున్నాయి కానీ ఎందుకు తప్పో చెప్పమంటే నోటికి రాలేదు. డిక్షనరీ తీస్తే వైడ్లీకి విస్తృతంగా, ఎక్స్‌టెన్సివ్లీకీ విస్తృతంగానే, బ్రాడ్లీకి విస్తారంగా. అది చూసి రాసుకున్నవాడు ఏం చేస్తాడు పాపం, బాబాయి తప్పేం లేదు.

వంట చేస్తూ కూడా అదే ఆలోచన. వైడ్లీ అంటే ఎన్ని చోట్ల, ఎంతమందికి అన్న లెక్క, మనం విరివిగా అంటాం చూడండి అది. లార్జ్‌లీ అంటే మొత్తంలో ఎంత భాగం, అంటే చాలావరకు. కాబట్టి పప్పు పేరు నలుగురికీ పాకింది, అది వైడ్లీ. ఉద్దానం బతుకు చాలావరకు ఆ తోటల మీదే, అది లార్జ్‌లీ. రెండు మాటలూ అటుదిటు మార్చేస్తే సరిపోయింది! పప్పు మాడింది గానీ నాకు మాత్రం భలే సంతోషమేసింది.

మూడో లైను రేట్ల గురించి. 180, 240, 320 అని గ్రేడులుంటాయి కదా, పౌండు బరువుకి ఎన్ని జీడిపప్పులు తూగుతాయో ఆ లెక్క, నంబరు తగ్గేకొద్దీ పప్పు పెద్దది, రేటూ పెద్దదే. రేట్లు 'బ్రాడ్లీ' మారతాయని రాశాడు. బ్రాడ్లీ అంటే వివరాల్లోకి పోకుండా స్థూలంగా అని, మన శ్రీకాకుళం మాటా విజయనగరం మాటా బ్రాడ్లీ ఒకటే అనొచ్చు. రేట్లు ఈ కొసనించి ఆ కొసకి మారితే మళ్లీ వైడ్లీయే.

నాలుగో లైను దగ్గర ఆగిపోయాను. తితలీ తుఫానుకి తోటలు 'వాస్ట్లీ' దెబ్బతిన్నాయి అని. వాస్ట్లీ ఎక్కువగా రెండిటిని పోల్చేచోట కుదుర్తుంది, దీనికీ దానికీ ఎంతో తేడా అన్నప్పుడు. ఇక్కడ ఎక్స్‌టెన్సివ్లీ కావాలి. కానీ దానికి తెలుగు? ఎక్స్‌టెన్సివ్లీ చదివాడు అంటే కూలంకషంగా చదివాడు అంటాం, తోటలు కూలంకషంగా పడిపోయాయి అనం కదా. సాయంత్రం నాగావళి వంతెన మీంచి వస్తుంటే ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది, కూలం అంటే ఒడ్డు, ఒడ్లు ఒరుసుకుంటూ పారడమే కూలంకషం, ఏట్లోంచి పుట్టిన మాట. వరదప్పుడు ఈ నది అలాగే ఉంటుంది, ఈరోజు మాత్రం ఇసకే ఎక్కువ.

రాత్రి ఫోన్ చేసి లైన్లన్నీ చదివి వినిపించాను. మూడిటికీ ఊఁ కొట్టాడు, నాలుగోదానికి కాసేపు మాట్లాడలేదు. 2018 అక్టోబరు 11 తెల్లారగట్ల గాలికి ఆ ఇంట్లో అందరూ మంచం కిందే ఉన్నారు.

"ఆ మాటకి అర్థం ఏటమ్మా, అంతా పోనాదనా?"

"అంతా కాదు బాబాయ్. చాలా మేర అని."

"మరైతే అదే ఉంచు. నూతి దగ్గర నాలుగు కొబ్బరిచెట్లు ఉండిపోనాయి కదా."